బుధవారం డబ్బా

మా ఆయన కరివేపాకు తినడు. పచ్చిమిరపకాయ కూడా తినడు. పప్పులోంచి, పులుసులోంచి ఏరి డబ్బా అంచుకు వరుసగా అంటిస్తాడు. పెళ్లయిన కొత్తలో విసుక్కునేదాన్ని, తర్వాత అలవాటయింది. ఆయనకు కొత్తవాడలో జంపఖానాల దుకాణం. మేముండేది హనుమకొండలో. సాయంత్రం ఆయన రాగానే డబ్బా మూత తీస్తాను. అంచున ఆకులున్న తీరు చూస్తే నింపాదిగా తిన్నాడో, గిరాకీల మధ్య గబగబా మింగాడో తెలిసిపోతుంది. మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ దానికి నవ్వేది. "డబ్బా తోముమంటె నువ్వు దాన్ని సదువుతవేందే" అనేది.

కిందటేడు శ్రావణం నుంచి కొన్ని రోజులు ఆ డబ్బా తుడిచినట్టు వచ్చేది. ఆకు లేదు, కాయ లేదు, అడుగున చారు మరక కూడా లేదు. ఆ రోజులంటే నాకు పండుగ. మందు పనిచేస్తోంది, ఆకలి పుడుతోంది, అందుకే ఏరకుండా తినేస్తున్నాడు అనుకున్నాను.

జబ్బు రక్తానిది. అంతకుముందు చలికాలంలో ఎడమ డొక్కలో ఏదో బరువుగా ఉందని దవాఖానకు పోతే, తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయన్నారు. నడుము ఎముకలోంచి మజ్జ తీసి జన్యుపరీక్షకు పంపారు. అది వచ్చాకే జబ్బు పేరు తేలింది. రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుందని డాక్టర్ వాసంతి కాగితం మీద గీసి చూపించింది. పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకు పోదు అని కూడా చెప్పింది. మా అమ్మాయి లావణ్య గురించి నేను అడగకముందే ఆమె ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం.

ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "పోగు తెగితె తప్పు పోగుకు ముడేసినట్టు" అన్నాడు.

"అంతే. ఆ ముడి ఉన్నది కాబట్టే మీకు గోళి ఉన్నది. ఆ ముడి మీదనే అది పనిచేస్తది" అంది డాక్టర్.

రోజుకు ఒక్క గోళీ. కడుపు నిండా తిన్నాక, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వద్దే వద్దు. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. మొదటి వారం పొద్దున చాయ్ తాగి వేసుకుంటే కక్కుకున్నాడు. పొద్దున ఆయనకు చాయ్ తప్ప ఏమీ తినే అలవాటు లేదు. మధ్యాహ్నమే కడుపునిండా తింటాడు కాబట్టి గోళీని డబ్బాతో పంపడం మొదలుపెట్టాను. అట్టను కత్తిరించి, ఒక్కటి, పై గిన్నెలో చిన్న మూత కింద పెట్టేదాన్ని. ఆ పని ఎవరికీ అప్పగించలేదు.

మూడు నెలలకోసారి రక్తం తీసి, ఆ తప్పు ముడి ఉన్న కణాలు ఇంకా ఎన్ని మిగిలాయో హైదరాబాదులో చూసేవాళ్లు. వేసవిలో ఎనిమిది శాతం. వానలు పడేనాటికి ఒకటికి దిగింది. దసరా దాటాక తీసిన రక్తంలో నాలుగు ఉంది.

డాక్టర్ వాసంతి ఆ అంకె మీద వేలు పెట్టి ఆయనను అడిగింది. "గోళీలు మధ్యల తప్పుతున్నయా?"

జవాబు నేను చెప్పాను. "ఒక్కరోజు గూడ తప్పలేదు మేడం. నేనే డబ్బాల పెట్టి పంపుత."

ఆయన గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు భయంలాగానే కనిపించింది. నేనూ భయపడుతూనే ఉన్నాను కదా.

"అట్లయితే జబ్బే మారి ఉండొచ్చు" అంది డాక్టర్. గోళీ పట్టుకునే చోట ఆ జన్యువులో మళ్లీ మార్పు వస్తే గోళీకి పట్టు దొరకదట. అది వచ్చిందో లేదో చూసే పరీక్ష వేరే ఉంది. ఏ మార్పు వచ్చిందో తేలితే దాన్నిబట్టి ఇంకో రకం గోళీకి మారుస్తారు. ఒక మార్పు మాత్రం ఉంది, దానికి మామూలు గోళీలు ఏవీ పనిచేయవు. ఇదంతా ఆమె మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. రక్తం తీయించి సీసాల మీద పేరు చూసుకుంటూ, ఏదో మాటవరసకు అన్నట్టు అడిగింది.

"మీకు అన్నదమ్ములెంతమంది?"

"అన్నదమ్ములు లేరు. ఒక్క అక్క, నర్సంపేటల ఉంటది" అన్నాడాయన.

ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతారో నేను అప్పటికే చదివి ఉన్నాను. మజ్జ మార్చాల్సి వస్తే ముందు తోబుట్టువులదే చూస్తారు. బయటికి వచ్చి ఆటో ఎక్కేదాకా నేను ఆయన ముఖం చూడలేదు.

రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుందన్నారు. ఆ రోజుల్లో ఇంట్లో గొంతులు తగ్గాయి. లావణ్య పదో తరగతి. స్కూలు నుంచి రాగానే "వచ్చిందా" అని అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. గుమ్మంలో నా ముఖం చూసి, చెప్పులు విడిచి, లోపలికి పోయేది. అడిగినప్పటికన్నా దానికే నాకు ఎక్కువ భయమేసింది. నర్సంపేట నుంచి మా ఆడబిడ్డ సరోజన ఫోన్ చేసి, రక్తం ఎప్పుడివ్వాలో చెప్పు, పత్తి ఏరుడు ఆపుకొని వస్త అంది. ఇంకా అవసరం రాలేదని చెప్పాను. అవసరం వస్తే అనే మాట మా ఇద్దరి నోటా రాలేదు.

నేను ఆయనను దొంగచాటుగా చూడడం నేర్చుకున్నాను. చొక్కా వదులైందా, మెట్లెక్కితే ఆగుతున్నాడా, నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి డొక్క మీదికి పోతోందా. గడ్డం గీసుకుంటూ ఒకరోజు అద్దంలో నన్ను పట్టుకున్నాడు.

"ఏం చూస్తానవ్ పద్మా?"

"సబ్బు నురగ చెవికంటింది" అన్నాను. తుడుచుకున్నాడు. చెవికి ఏమీ అంటలేదు.

అత్తమ్మ మాత్రం జాతర పనిలో పడింది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ఆ చలికాలమే ఉంది. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి ఇచ్చుకుంటారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. అత్తమ్మ పసుపు కొమ్ములు ఎండబెట్టింది. చీర, జాకెట్ గుడ్డ వేరే సంచిలో పెట్టింది. మాటల్లో మాటగా కొడుకెత్తు బంగారం మొక్కిన అని చెప్పింది. అంతవరకే చెప్పింది. నేనూ అంతకు మించి అడగలేదు. ఆ వారం కూడా రెండు రోజులు డబ్బా తుడిచినట్టు వచ్చింది. ఇంత ఆకలి ఉన్న మనిషికి ఏమవుతుంది అని ధైర్యం చెప్పుకున్నాను.

రిపోర్టు ఒక బుధవారం వచ్చింది. ఫోన్లో తెరిచి, కింది వరుస మాత్రమే చదివాను. మార్పు ఏదీ కనబడలేదు అని ఉంది. వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత డాక్టర్‌కు ఫోన్ చేశాను.

"మంచి వార్తే" అంది ఆమె. "కానీ పద్మలత గారు, జబ్బు మారలేదు, గోళి మారలేదు. మరి లెక్క ఎందుకు పెరిగింది? మందు ఒంట్లకు పోతున్నదా లేదా, అది ఒక్కసారి చూసుకోండి."

పోతున్నది మేడం అనబోయి, చూస్త మేడం అన్నాను.

ఆ సాయంత్రం ఆయన రాగానే డబ్బా తీసుకుని మూత తెరిచాను. తుడిచినట్టు ఉంది. నిన్నటి దానికి ఆకులు అంటుకుని ఉన్నాయి, మంగళవారం. మొన్నటికీ ఉన్నాయి. పోయిన వారం తుడిచినట్టు వచ్చిన రెండు రోజులు ఏవి అని ఆలోచిస్తే, ఒకనాడు మా వీధిలో అంగడి జరిగింది, అంటే బుధవారం. రెండోది దాని మర్నాడు. దానికి ముందు వారం? అదీ అంతే. నలభై మూడేళ్లు కరివేపాకు ఏరిపారేసిన మనిషి వారంలో రెండు రోజులు మాత్రమే దాన్ని ఎందుకు తింటాడు? తినడు. ఆ రెండు రోజులు ఆ డబ్బా తింటున్నది ఇంకెవరో.

నల్లా తిప్పి డబ్బాలో నీళ్లు పోశాను. ఆయనను అప్పుడే అడగలేదు. తిన్న అంటాడు, లావణ్య వింటుంది, నేను నమ్మలేను. ఇవన్నీ ఒకటే క్షణంలో తోచాయి.

మర్నాడు గురువారం పప్పుచారులో కావాలని రెండు రెబ్బలు ఎక్కువే వేశాను. ఆయనకు డబ్బా కట్టిచ్చి పంపాక ఇంకో డబ్బాలో అన్నం, కూర పెట్టుకుని, ఒక గోళీ పైటకొంగున ముడేసుకుని మధ్యాహ్నం ఆటోలో కొత్తవాడ పోయాను.

దుకాణం ముందు ఎవరూ లేరు. వెనక మగ్గాల గదిలో సాంబయ్య కాక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మా ఆయన తండ్రి కాలం నుంచి అక్కడ జంపఖానాలు నేస్తున్న మనిషి. ఆయన ముందు మా డబ్బా తెరిచి ఉంది. నన్ను చూసి సంబరపడ్డాడు.

"రా కోడలా. నీ చేతి పప్పుచారు ఉన్నదే, మా ఇంట్ల గా రుచి రాదు. పోయిన బుధారం సొరకాయ గూడ మంచిగుండె."

కరివేపాకు నములుతూనే అన్నాడు. కపటం లేని మనిషి, ఆయనకు ఏం తెలుసు. మా ఆయన ఆ మూల జంపఖానా మడతలు పెడుతున్నాడు. నన్ను చూసి మడత మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"గోళి ఏది?" అన్నాను.

ముందు గదిలో గల్లా పైన సమ్మక్క సారలమ్మల పటం ఉంది. దాని ముందు పసుపు నింపిన ఇత్తడి గిన్నె. ఆయన పోయి దాన్ని దించి తెచ్చి నా ముందు పెట్టాడు. వేలు పెట్టి కదిపితే పసుపులోంచి గోళీలు పైకి తేలాయి. అట్టల్లోనే ఉన్నాయి, నేను కత్తిరించిన అట్టలు, నేను గుండ్రంగా కత్తిరిస్తాను మూలలు గుచ్చుకోకుండా. గిన్నెలో సగం అవే.

"తల్లి వారాలు, బుధారం బేస్తారం, ఒక్కపొద్దుంటాన" అన్నాడు. "కడుపుల ఏం లేకుంటె ఏసుకోవద్దన్నది కద డాక్టరమ్మ."

"రాత్రి తిన్నంక ఏసుకోవచ్చు కద."

"రాత్రి ఏసుకుంటె రేపటిదానికి దగ్గరైతది. దగ్గర దగ్గర వద్దనే కద ఆమె చెప్పింది. పారెయ్య బుద్ధి కాలె. మేడారం పోయినంక తల్లుల గద్దెల కాడ పెడదామనుకున్న." ఆయన గొంతు తగ్గింది. "మీరందరు చెప్పినట్టే ఇన్న పద్మా. ఎక్కడ తప్పిన్నో చెప్పు."

సాంబయ్య కాక ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆగిపోయాడు. ఆటోలో వస్తూ నేను చాలా మాటలు కూడబెట్టుకున్నాను. డాక్టర్ అడిగినప్పుడు నోరు ఎందుకు తెరవలేదని, నన్ను ఎందుకు అబద్ధం ఆడనిచ్చారని. ఆ గిన్నె చూశాక అవేవీ పైకి రాలేదు. నేను తెచ్చిన డబ్బా తెరిచి పెట్టాను.

"తినండి."

"ఇయ్యాల బేస్తారం."

"తల్లికి నేను చెప్పుకుంట. తినండి."

చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఏరుతూ తిన్నాడు, ఒక్కొక్క ఆకు తీసి అంచుకు పెడుతూ. కొంగు ముడి విప్పి గోళీ ఇచ్చాను. నీళ్లు మొత్తం తాగేదాకా అక్కడే నిలబడ్డాను. సాంబయ్య కాక తను తింటున్న డబ్బాకు మూత పెట్టేశాడు. "నాకేం తెల్వది కోడలా. తినబుద్దైతలేదు నువ్వు తిను అంటె తిన్న" అన్నాడు. మిగిలింది కూడా తినేయమని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో ఎండలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతిలో ఆ వేళకు ఉండకూడని డబ్బా చూసింది, నా ముఖం చూసింది.

"ఎరుకైందా" అంది.

పక్కన కూర్చున్నాను. ఆయనకు మజ్జ తీసిన రోజు నేను లోపల ఉన్నాను, అత్తమ్మ వరండాలో ఉంది. ఆయన మూలుగు బయటికి వినబడిందట. అప్పుడే మొక్కుకుందట. కొడుకెత్తు బంగారం ఇస్తానని, శ్రావణం నుంచి జాతర దాకా బుధ, గురువారాలు కొడుకు ఒక్కపొద్దు ఉంటాడని. తనే ఉండేది గాని తనకు షుగర్, అంతకుముందు ఒకసారి ఉపవాసముండి బాయికాడ పడిపోయింది.

"నాకెందుకు చెప్పలె అత్తమ్మా?"

"చెప్తె నువ్వొద్దంటవ్. ఉంటె నీ మాట పోతది, ఉండకుంటె తల్లి మాట పోతది. వాడు నడుమ నలుగుతడని చెప్పలె."

గోళీల సంగతి చెప్పాను. పసుపు గిన్నె గురించి, నాలుగు అనే అంకె గురించి, రిపోర్టులో మార్పు లేకపోవడం గురించి. ఆమె చేతిలోని కాయ జారి గంపలో పడింది. గోళీ తప్పుతోందని ఆమెకు తెలియదు. గంప పక్కకు జరిపింది.

"నీకు కాయితాలు సదువొస్తది బిడ్డా. అండ్ల చూసుకొని ధైర్నం తెచ్చుకుంటవ్. నాకు సదువు రాదు. నేను ఎండ్ల చూసుకోవాలె?"

ఇద్దరం చిక్కుడుకాయల వైపు చూస్తూ కూర్చున్నాం. ఆమె భయం, నా భయం ఒకే మనిషి గురించి. ఆయన ఆ రెండింటినీ మోయబోయాడు.

"మొక్కు నడుమల ఇడువొద్దు కద" అన్నాను.

"ఇడువొద్దు."

"మొగడు పట్టిన ఒక్కపొద్దు పెండ్లాం పట్టొచ్చునా?"

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నేను పూజగదిలో దీపం పెట్టి రెండు నిమిషాల్లో బయటికి వచ్చే మనిషినని ఆమెకు తెలుసు.

"పట్టొచ్చు. ఆలుమొగల ఒళ్లు తల్లికి ఒక్కటే."

"పొద్దటి సంది నేనేం తినలె. ఇయ్యాల్టిది ఎక్కినట్టేనా?"

అత్తమ్మ పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఎక్కినట్టే" అంది లోపలి నుంచి.

నమ్మే చేశానా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆ చలికాలం బుధ, గురువారాలు దీపాల వేళదాకా నీళ్లతో ఉన్నాను. తల నొప్పి పుట్టేది. ఆయన మాత్రం తినేవాడు. ఖాళీ అట్ట రోజూ తెచ్చి చూపిస్తానన్నాడు, వద్దన్నాను. బడిపిల్లవాడిలా మా ఆయన నా ముందు అట్ట చూపించడం నాకు ఇష్టం లేదు. డబ్బా చాలు అన్నాను. బుధవారం డబ్బాకు మళ్లీ ఆకులు అంటుకుని రావడం మొదలైంది.

జాతర ముందు ఆదివారం బెల్లం దుకాణంలో ఆయనను పెద్ద కాంటా మీద కూర్చోబెట్టారు. ఎదుటి పళ్లెంలో ఒక్కొక్క ముద్ద పెడుతున్నారు. ఆయన పైకి లేస్తూ, కిందికి దిగుతూ, ఇనుప గొలుసులు పట్టుకుని ఉన్నాడు. చుట్టూ జనం, నవ్వులు.

"అన్నా, జర నిమ్మళంగ కూసో. నువ్వు ఊగితె బంగారం ఎక్కువైతది" అన్నాడు దుకాణదారు.

"ఎక్కువైతె కానియ్. తక్కువ కావద్దు" అంది అత్తమ్మ. ముల్లు మధ్యకు వచ్చి ఆగాక ఇంకో ముద్ద తన చేత్తో పెట్టింది. కాంటా బెల్లం వైపు ఒరిగింది. ఆయన కాళ్లు నేలకు అందకుండా గాల్లో ఉన్నాయి. అలా తేలికగా పైకి లేచిన ఆయనను చూడలేకపోయాను. దించండి అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

మేడారంలో ఆ జనం మధ్య బంగారం గద్దె దగ్గర అప్పగించాం. పసుపు ఇచ్చాం. గోళీలు అందులో లేవు, ముందే ఏరి డాక్టర్ చెప్పినట్టు వాళ్ల దవాఖానలో ఇచ్చేశాను. జాతర అయిన తర్వాతి వారం రక్తం ఇచ్చాడు. మళ్లీ ఎదురుచూపు. లావణ్య మళ్లీ గుమ్మంలో నా ముఖం చూడడం మొదలుపెట్టింది. ఈసారి రిపోర్టు తెరిచేటప్పుడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. సున్నా, చుక్క, ఆరు. లావణ్య పైకి చదివి, ఇది ఒకటి కంటే తక్కువే కదమ్మా అని రెండుసార్లు అడిగింది. దారికొచ్చింది, ఇంకా దిగాలి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం అంది డాక్టర్ వాసంతి. ఆ మూడు నెలలు అయ్యాక ఇంకో మూడు నెలలు. ఇక మా ఇంట్లో కాలం అలాగే నడుస్తుంది.

మొక్కు తీరింది. ఆ తర్వాత వచ్చిన బుధవారం మధ్యాహ్నం అత్తమ్మ తన అన్నం తినేసి, నాకూ కంచం పెట్టింది. అయిపోయింది కద, ఇగ తిను అంది. కూర్చున్నాను. ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకోలేకపోయాను.

"డబ్బా రానియ్ అత్తమ్మా" అన్నాను.

ఆమె కంచం మీద ఇంకో కంచం బోర్లించింది.

సాయంత్రం నేను వంటింట్లో చాయ్ పెడుతుండగా వాకిట్లో బండి ఆగింది. బయటికి రాబోయాను. అంతకుముందే అత్తమ్మ గుమ్మం దాకా పోయి కొడుకు చేతిలోంచి డబ్బా అందుకుంది. మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమెకు చూపు సరిగా ఆనదు, వెలుతురు వైపు తిప్పి చూస్తూ ఉంటుంది. పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా నేను చెయ్యి చాచలేదు.

"ఉన్నయ్ బిడ్డా" అంది అక్కడి నుంచే. "నాలుగు ఆకులు, ఒక కాయ. అన్నం తిను."